పిన్ను, క్లిప్పు, గొలుసులు, నువ్వు

ఆయన పోయాడన్న సంగతి నాకు బళ్లారిలో ఉల్లిగడ్డల మూటలు దించుతుండగా ఫోన్లో తెలిసింది. చెప్పినతను ఆదోనిలో పెళ్లిళ్లకు బ్యాండు వాయిస్తాడు. "నిదానమన్న పోయినాడప్పా, పొద్దున్నే" అన్నాడు. అప్పటికి సగం మూటలు బండిలోనే ఉన్నాయి. అవి దించి, హాలహర్వి మీదుగా ఆదోని చేరేసరికి మట్టి చేసి అందరూ ఇళ్లకు వెళ్లిపోయారు. నేను కూడా ఇంటికి వెళ్లి పడుకున్నాను. ఏడ్చానని అబద్ధం చెప్పను. నడుము విరిగిపోతోంది, కళ్లు మండుతున్నాయి. ఈ మధ్య నాకు ఏ సంగతి తెలిసినా ముందు అలసటే వస్తోంది, మిగతావన్నీ దాని వెనక వస్తున్నాయి.

మరునాడూ వెళ్లలేదు, ఆ మరునాడూ వెళ్లలేదు. వెళ్లడానికి మొహం చెల్లలేదు. ఆయనకు నేను చెప్పాల్సిన మాట ఒకటి ఆరేళ్లుగా నా దగ్గరే ఉండిపోయింది. ఒక్క ముక్క. "ఆ రోజు క్లిప్పు లేదన్నా" అనాలి, అంతే. ఆయన బతికుండగా అనలేకపోయాను, ఇక అనడానికి మనిషి లేడు.

నిదానమన్న అన్నది మేం పెట్టిన పేరు. ఆదోనిలో ఆయన దగ్గర ఒక తెల్ల గుర్రం ఉండేది, ఆడది. పెళ్లికొడుకులను ఊరేగించడానికి చుట్టుపక్కల ఊళ్లన్నీ దాన్నే పిలిచేవి. అంతకు ముందు ఆయన రైల్వే స్టేషను దగ్గర జట్కా తోలేవాడట. ఆటోలు వచ్చి జట్కాలు పోయాక పెళ్లిళ్లకు మళ్లాడు. నోరు తెరిస్తే ముందు "నిదానమప్పా" అనేవాడు, తర్వాత అసలు సంగతి చెప్పేవాడు. టీ ఇచ్చే మనిషితో అదే మాట, బ్యాండు వాళ్లతో అదే మాట. గుర్రం మీద కూర్చుని గడగడ వణుకుతున్న పెళ్లికొడుకుతో కూడా అదే మాట అనేవాడు.

గుర్రాన్ని మాత్రం టీచరమ్మ అని పిలిచేవాడు. ఎందుకన్నా అని అడిగితే, "తప్పు సేస్తే కొడతాది, ఒప్పు సేస్తే ఏమీ అనదు" అన్నాడు. నిజమే. దాన్ని దూరపు ఊళ్లకు తీసుకుపోవడానికి ఒక చిన్న ట్రాలీ చేయించాడు. రెండు చక్రాలు, నడుము ఎత్తున చెక్కలు, కింద కొబ్బరి పీచు చాప. నా చిన్న పికప్పు వెనక దాన్ని తగిలించుకుని పోయేవాళ్లం. దారిలో నేను గట్టిగా బ్రేకు వేస్తే టీచరమ్మ వెనక చెక్కను టప్పున తన్నేది. పక్క సీట్లో ఆయన గాజు కిటికీ లోంచి వెనక్కి చూస్తూ "ఒకటి" అనేవాడు. మరో గుంత దగ్గర ఇంకో టప్పు. "రెండు." ఎమ్మిగనూరు చేరేసరికి ఆ లెక్క ఎంతైతే అంత సిగ్గు నాకు.

నేను ఆయన దగ్గర కుదిరిన రోజు ఇంకా గుర్తుంది. అంతవరకు ఆయన బావమరిది తన బండితో ట్రాలీ లాగేవాడు. కంటి ఆపరేషను చేయించుకోవాల్సి వచ్చి మానుకుంటున్నాడు. నేను అప్పటికే పదేళ్లుగా పత్తి, మిరప, ఉల్లిగడ్డ తోలుతున్నవాణ్ని. గుర్రం ఒక లెక్కా అనుకుంటూ వెళ్లాను. ఆయన నా బండి చూశాడు, టైర్లు చూశాడు. లైసెన్సు అడగలేదు.

"ట్రాలీలోకి ఎక్కప్పా" అన్నాడు.

"నేనా?"

"నువ్వే. టీచరమ్మ నిలబడే సోట నిలబడు."

చాప మీద సుద్దతో గీసిన ఒక గీత ఉంది. ఇరుసుకు కాస్త ముందుగా ఉంది ఆ గీత. దాని దగ్గర నిలబెట్టాడు. చెక్క పట్టుకోబోతే వద్దన్నాడు.

"సేతులు ఎనక్కు కట్టుకో. దానికి సేతులు ఉండాయా?"

బావమరిది నా బండే తోలాడు, ఆయన పక్కన కూర్చున్నాడు. ఎమ్మిగనూరు రోడ్డు మీద రెండు మైళ్లు పోయి, తిరిగి రెండు మైళ్లు వచ్చారు. బండి ముప్పైలోనే పోతోంది కానీ, వెనక నిలబడిన నాకు ప్రాణం పోయినంత పనైంది. మలుపులో ఒళ్లంతా ఒక పక్కకు ఒరిగిపోయేది, నిలదొక్కుకునేలోగా ఇంకో పక్కకు. బ్రేకు వేస్తే ముందుకు తూలి గడ్డం చెక్కకు కొట్టుకుంది. రోడ్డు పక్కన పత్తి ఏరుతున్న ఆడవాళ్లు ఒక మనిషిని చేతులు కట్టి ట్రాలీలో తీసుకుపోవడం చూసి పని ఆపేశారు. ఏ దొంగనో పట్టుకుపోతున్నారని అనుకుని ఉంటారు.

దిగేసరికి తొడలు వణుకుతున్నాయి. గడ్డం మీద చెక్క గీసుకుని రక్తం వచ్చింది. ఆయన తన తువ్వాలు ఇచ్చాడు. "ఇప్పుడు నీకు తెలిసింది. ఇంక నేను సెప్పేదేం లేదు" అన్నాడు. అలా అన్నాడే గానీ తర్వాత సంవత్సరాల తరబడి చెబుతూనే ఉన్నాడు.

ఆయన చెప్పినవి ఇప్పటికీ నా చేతుల్లో ఉన్నాయి. ట్రాలీ ముక్కు మీద కొంచెం బరువు ఉండాలి. ముక్కు తేలిపోతే తోక ఆడిస్తుంది, తోక ఆడిందంటే ముందున్న బండిని కూడా ఆడిస్తుంది. అందుకే తవుడు మూట, నీళ్ల క్యాను అన్నీ ముందువైపే. బ్యాండు వాళ్లు జనరేటరు తెచ్చి ట్రాలీ వెనక ఎక్కిస్తామంటే దండం పెట్టి పంపేవాడు. దిగుడు వచ్చాక కాదు, దిగుడు కనబడగానే గేరు తగ్గించాలి. మలుపు లోపల బ్రేకు ముట్టుకోకూడదు. గంటకోసారి ఆగి, చక్రం నడిమి భాగాన్ని అరచేతి వెనక భాగంతో తాకి వేడి చూడాలి. "ఎనకది ముందుదాని కంటే బరువైతే ఇంక ఎనకదే డ్రైవరు, నువ్వు ఊరికే కూచున్నట్టు" అనేవాడు.

వీటన్నిటి కంటే బయల్దేరే ముందు ఆయన నడిపే తంతు చూడాలి. బండికీ ట్రాలీకీ మధ్య లావుపాటి పిన్ను ఒకటి దిగేసి ఉంటుంది. ఆ పిన్ను కింది కొసకు బెజ్జం. అందులో తలపిన్నులాంటి ఒక క్లిప్పు దూరిస్తే, ఎన్ని గుంతల్లో ఎగిరినా పిన్ను పైకి లేవదు. పిన్నే పోయినా ట్రాలీ విడిపోకుండా కింద రెండు గొలుసులు, కత్తెర వేసినట్టు ఒకదాని మీద ఒకటి. ఎందుకన్నా ఈ కత్తెర, నేరుగా తగిలిస్తే పోలేదా అని నేను నవ్వేవాణ్ని. "ముక్కు కింద పడితే ఒడి ఉండాల గదప్పా" అనేవాడు. అన్నీ తగిలించాక ఆయన గుర్రం తల దగ్గర నిలబడి గట్టిగా అడిగేవాడు. నేను గట్టిగా జవాబు చెప్పాలి.

"పిన్ను?"

"ఉండాదన్నా."

"క్లిప్పు?"

"ఉండాదన్నా."

"గొలుసులు?"

"ఉండాయన్నా."

"నువ్వు?"

మొదటిసారి ఆ చివరి ప్రశ్నకు నేను తెల్లమొహం వేశాను. ఎదురుగా నిలబడ్డ మనిషిని పట్టుకుని ఉన్నావా అని అడగడమేమిటి? "సీట్లో కూచున్నంత మాత్రాన ఉన్నట్టు గాదప్పా. ఇంట్లో కొట్లాడి వచ్చింటావు. నిద్ర సాలకుండా వచ్చింటావు. అవన్నీ టీచరమ్మకు తెలీవు" అన్నాడు.

ఒకసారి దేవనకొండ పెళ్లికి బయల్దేరుతూ ఆ ప్రశ్న దగ్గర నేను ఆగిపోయాను. మా పాపకు జ్వరం, ముందు రాత్రంతా కూర్చునే ఉన్నాను. "లేనన్నా" అన్నాను. ఆయన మంచం వాల్చి గంటసేపు నన్ను పడుకోబెట్టాడు. పెళ్లివారు ఫోను చేస్తే "డ్రైవరు ఇంకా రాలేదప్పా" అన్నాడు, నేను ఆయన పక్కనే గురక పెడుతుండగా. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆయన దగ్గర నిజం చెప్పడానికి భయపడాల్సిన పని ఎప్పుడూ లేదు. తర్వాత నేను చేసిన దానికి సాకు కూడా లేదు.

ఆ క్లిప్పు దుమ్ములో పడితే కనబడాలని దానికి ఎర్ర రంగు పూసింది నేనే. అమావాస్య వస్తే బండి కడిగి నిమ్మకాయ, మిరపకాయల దండ కట్టడం మా డ్రైవర్లందరికీ ఉన్నదే. ఒక అమావాస్యకు ట్రాలీకి కూడా దిష్టి తగలకూడదని బుద్ధి పుట్టింది. పిన్ను ఊడదీసి, తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, దాని తలకు ఒక దండ వేలాడదీశాను. చూడ్డానికి భలే ముచ్చటగా ఉంది. క్లిప్పు తీసి ఎక్కడ పెట్టానో ఆ ముచ్చటలో పట్టించుకోలేదు.

మూడో నాడు ఎమ్మిగనూరులో పెళ్లి. మధ్యాహ్నం బయల్దేరాలి. పిన్ను దిగేశాను, క్లిప్పు లేదు. దొడ్డంతా వెతికాను, సీటు కింద వెతికాను. అవతల పెళ్లికొడుకు మేనమామ పది నిమిషాలకోసారి ఫోను చేస్తున్నాడు. బజారుకు పోయి కొత్త క్లిప్పు తెస్తే అరగంట. అరగంట మాత్రమే. కానీ క్లిప్పు పోగొట్టానని ఆయనతో చెప్పడానికి నామోషీ అనిపించింది. దండలో నిమ్మకాయలు గుచ్చిన సన్న తీగ కొసను పిన్ను తల నుంచి విప్పి, దాన్నే పిన్ను బెజ్జంలో దూర్చి రెండు మెలికలు తిప్పాను. దండ ఇప్పుడు కిందికి వేలాడి బెజ్జాన్ని కప్పేసింది. దేవుడి వస్తువే కదా, అదే కాపాడుతుంది అనుకున్నాను. ఇంత తెలివి మా ఆదోని డ్రైవర్లకు తప్ప ఇంకెవరికి వస్తుంది?

ఆయన గుర్రం తల దగ్గర ఉన్నాడు. "పిన్ను?" అన్నాడు.

"ఉండాదన్నా."

"క్లిప్పు?"

"ఉండాదన్నా."

ఒక్క క్షణం కూడా తడబడలేదు నేను. ఆ సంగతే ఇప్పటికీ నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

ఎమ్మిగనూరు ఇంకా మూడు మైళ్లు ఉందనగా రోడ్డుకు అడ్డంగా ఒక స్పీడు బ్రేకరు. తెల్ల గీతలు లేవు, బోర్డు లేదు. నేను చూసేసరికి ముందు చక్రాలు ఎక్కేశాయి. వెనక ట్రాలీ ఎగిరింది. పిన్ను ఊడి రోడ్డు మీద ఖంగున పడిన శబ్దం, వెంటనే ట్రాలీ ముక్కు కిందికి జారిన దెబ్బ. అది నేలను తాకలేదు. కత్తెర గొలుసుల మీద పడి ఆగింది. నా కాలు బ్రేకు మీదికి పోతోంది. ఆయన చెయ్యి నా మోకాలి మీద పడింది.

"బ్రేకు వొద్దప్పా. కాలు తీసెయ్. నిదానం. ఊరికే పోనీ."

బ్రేకు వేసి ఉంటే ఆ బరువంతా వచ్చి మా వీపున గుద్దేది, లోపల టీచరమ్మ కాళ్లు విరిగేవి. కాలు తీశాను. బండి దానంతట అది తగ్గుతూ పోయింది. చివరికి ట్రాలీ ముక్కు వచ్చి నా బండి వెనక మెల్లగా ఆనుకుంది. వెనక నుంచి తన్ను వినబడుతుందని చూశాను. రాలేదు. ఇన్నేళ్లలో టీచరమ్మ తన్నాల్సిన తప్పు అంటే అదే, ఆ రోజు మాత్రం తన్నలేదు. దిగి వెనక్కి పరుగెత్తాను.

చూస్తే అది నిలబడే ఉంది. ఒళ్లంతా చెమట, వణుకు. ముందు మోకాలు గీసుకుని రక్తం కారుతోంది. ఆయన లోపలికి ఎక్కి దాని మెడ పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత దిగి, స్పీడు బ్రేకరు దాకా వెనక్కి నడిచి వెళ్లాడు. ఒక చేతిలో పిన్ను, ఇంకో చేతిలో ఒక నిమ్మకాయ పట్టుకుని వచ్చాడు.

"నిమ్మకాయకు ఏమీ కాలేదు" అన్నాడు. తర్వాత అడిగాడు, "క్లిప్పు యాడ పాయ?"

"దోవలో యాడో ఎగిరిపోయిండాలన్నా" అన్నాను.

ఆయన నా మొహం చూశాడు. "ఎగిరిపోతాయప్పా" అన్నాడు.

ఆ మూడు మైళ్లూ ఆయన టీచరమ్మను నడిపించుకుంటూ పోయాడు. పిన్నుకు ఒక బోల్టు బిగించి, ఖాళీ ట్రాలీతో నేను వెనక వెనక పోయాను. పెళ్లివారి ఇంటి ముందు మేనమామ ఎగిరిపడ్డాడు. మోకాలికి దెబ్బ తగిలింది, మనిషిని ఎక్కించలేనని ఈయన చెప్పాడు. నలుగురిలో నానా మాటలూ అన్నారు. "తప్పయిపోయిందప్పా, నా గుర్రానికి బాగలేదు" అని ఆయన అందరికీ చేతులు జోడించాడు. నేను అక్కడే, బండి పక్కన నిలబడి ఉన్నాను. నోరు మెదపలేదు. పెళ్లికొడుకు జీపులో ఊరేగాడు.

మళ్లీ ట్రాలీ కట్టే రోజుకు కొత్త క్లిప్పు వచ్చింది. పోకుండా దానికి చిన్న గొలుసు అతికించి ఉంది. ఆయన గుర్రం తల దగ్గర నిలబడ్డాడు.

"పిన్ను?"

"ఉండాదన్నా."

"గొలుసులు?"

నేను ఆయన వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు. చివరికి "నువ్వు?" అని కూడా అడిగి, తర్వాత బండి వెనక్కి వచ్చి, మడ్డుగార్డు పట్టుకుని మెల్లగా వంగి, క్లిప్పును బొటనవేలితో నొక్కి చూసుకున్నాడు. అప్పటికే ఆయనకు మోకాళ్ల నొప్పులు. వంగితే లేవడం కష్టం. ఆ తర్వాత మూడేళ్లు టీచరమ్మను తోలాను, మూడేళ్లలో ఒక్కసారి కూడా నన్ను క్లిప్పు అని అడగలేదు. ప్రతిసారీ ఆయనే వంగాడు. గొలుసు ఉంది కాబట్టి ఇక అడగనక్కర్లేదు అనుకున్నాడేమో అని నాకు నేను చెప్పుకునేవాణ్ని. ఆయన వంగిన వీపు చూస్తూ సీట్లో కూర్చోవడం కంటే నాలుగు తిట్లు తినడం సుఖం. అయినా చెప్పలేదు. రోజులు గడిచేకొద్దీ మాట బరువెక్కింది, నాకు ఓపిక తగ్గింది.

తర్వాత పెళ్లిళ్లలో జీపులు, పెద్ద పెద్ద స్పీకర్లు వచ్చాయి. టీచరమ్మ ముసలిదై, ఒక వానాకాలంలో నిలబడిన చోటే కూలబడి పోయింది. ట్రాలీని మేకల వ్యాపారి ఒకతను కోసిగికి తీసుకుపోయాడు. ఆయన ఇంటి ముందు అరుగు మీద కూర్చునేవాడు. నేను అటుగా పోతే హారను కొట్టేవాణ్ని. "నిదానమా?" అని చెయ్యి ఎత్తేవాడు. ఆగితే మాట్లాడాల్సి వస్తుందని ఆగేవాణ్ని కాదు.

ఐదో రోజున వెళ్లాను. ఆయన భార్య, మా వదిన, అరుగు మీద బియ్యం ఏరుతోంది. నన్ను చూసి లోపలికి వెళ్లి ఒక రేకు డబ్బా తెచ్చింది. అందులో టీచరమ్మకు దువ్వే దువ్వెన, తోకకు కట్టే జరీ దారం, అడుగున గుడ్డలో చుట్టిన క్లిప్పు. ఎర్ర రంగు అక్కడక్కడా లేచిపోయింది గానీ తుప్పు లేదు.

"మీరు ఎమ్మిగనూరుకు పోయిన పొద్దు టీచరమ్మను కట్టే గాటి కాడ గడ్డిలో దొరికిందప్పా. ఆయప్ప ఇంటికి రాంగానే ఇచ్చినా" అంది వదిన. "ఏమీ అనలే. డబ్బాలో ఏసి పెట్టినాడు. వాడే వచ్చి అడుగుతాడు లే అనె. అప్పుడప్పుడూ తీసి నూనె పూస్తాండె."

నేను క్లిప్పును గుడ్డలోంచి చేతిలోకి తీసుకున్నాను.

"మొన్న మంచాన పడినాక, వాడు ఇంక అడగడు లేమ్మే, నువ్వే ఇచ్చెయ్ అనె."

"వదినా, ఆ పొద్దు..."

"తెలుసప్పా. కూచో, టీ పెడతా."

టీ తాగాను. ఎలా ఉందో తెలియలేదు. క్లిప్పు జేబులో వేసుకుని వచ్చి బండెక్కాను. వెనక ట్రాలీ లేదు, రోడ్డు మాత్రం ఉంది. ట్రాలీ ఉన్నా లేకపోయినా ఇంజను వేసే ముందు ఆ నాలుగు మాటలూ లోపల అనుకోవడం నాకు ఇప్పటికీ అలవాటే. పిన్ను? ఉండాదన్నా. తర్వాతి మాట దగ్గర ఆగాను. అరుగు మీద ఆయన కూర్చునే చోటు వైపు చూశాను. అక్కడ వదిన బియ్యం చేట ఉంది.

క్లిప్పు?

"లేదన్నా" అన్నాను, ఆయనకు వినబడేంత గట్టిగా.